పిన్నిగారి కొంగు చాటు మైకు

మొన్న పొద్దున్న రామచంద్రపురం నుంచి ఎవరో పెద్దమనిషి ఫోను చేశారు. నాకు అంతకుముందు పరిచయం లేదు. కొత్తపేట సంగీత సభ కార్యదర్శిగారు నా నంబరు ఇచ్చారట. వాళ్ళమ్మాయి వచ్చే నెలలో మొదటి కచేరీ చేస్తోందనీ, దాన్ని రికార్డు చేసి దాచుకోవాలనుకుంటున్నారనీ, మరీ ఖరీదు కాకుండా జేబులో పట్టే మైకు ఏదైనా ఉంటే చెప్పమనీ, మాట మాటకీ ఆయ్ అంటూ ఎంతో మర్యాదగా అడిగారు. పోస్టాఫీసులో ముప్ఫై ఆరేళ్ళు ముద్రలు కొట్టి రిటైరైన నన్ను పట్టుకుని మైకుల గురించి సలహా అడిగే రోజు వస్తుందని ఎవరనుకున్నారు? ఆలోచించి రేపు చెబుతానండీ అని గంభీరంగా అనేసి ఫోను పెట్టేశాను. వంటింట్లో అరటిపువ్వు వలుస్తున్న మా ఆవిడ అంతా వింటూనే ఉంది. మైకు పేరు చెప్పి ఊరుకోండి, పాపం ఆయన్ని పట్టుకుని మొదటినుంచీ చెప్పుకురాకండి అంది. ఆవిడ మాట కాదనలేక ఆయనకి చెప్పడం మానుకున్నాను. మీకు చెబుతాను.

ఇదంతా మా పిన్నిగారితో మొదలైంది. మా అమ్మకి ఆఖరి చెల్లెలు. కొత్తపేటలో ఉంటారు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ఆవిడకి పాటే నేర్పించేవారు. పదకొండో ఏట టైఫాయిడ్ వచ్చి తగ్గాక గొంతు బొంగురుపోయింది. మేష్టారు నాలుగు నెలలు ఓపిక పట్టి చూసి, ఈ గొంతుతో పాట లాభం లేదమ్మా అని చెప్పి, చేతిలో వయొలిన్ పెట్టారట. అప్పుడు ఏడ్చారా పిన్నిగారూ అని ఒకసారి అడిగితే, ఏడవడానికి గొంతు ఉండాలి కదా అబ్బాయ్ అన్నారు. ఆవిడ తీరే అంత. ఆ తర్వాత ఇంచుమించు యాభై ఏళ్ళు కోనసీమలో ఏ ఊళ్ళో కచేరీ జరిగినా పక్కవాద్యం ఆవిడదే. అమలాపురం, రాజోలు, తాటిపాక, ఎక్కడికి పిలిచినా వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కేసేవారు. పెద్ద పెద్ద ఊళ్ళ నుంచి వచ్చిన గాయకులు మధ్యలో కూర్చునేవారు, వాళ్ళకి ఎడమ పక్కన కొంగు భుజం చుట్టూ తిప్పి కప్పుకుని పిన్నిగారు. కరపత్రంలో గాయకుడి పేరు పెద్ద అక్షరాలతోనూ, మృదంగం ఆయన పేరు చిన్న అక్షరాలతోనూ ఉండేవి. వయొలిన్ దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు 'స్థానికులు' అని ఉండేది. ఆ కరపత్రాల వెనక తెల్లగా ఉన్న వైపున ఆవిడ చాకలి పద్దు రాసుకునేవారు.

మా ఇంట్లోనూ, ఆవిడ ఇంట్లోనూ కలిపి ఆ కచేరీల క్యాసెట్లు ఒక ట్రంకు పెట్టెడు ఉన్నాయి. రిటైరయ్యాక ఏమీ తోచక ఒక ఎండాకాలమంతా కూర్చుని విన్నాను. గాయకుల గొంతులు ఖంగుమని మోగుతున్నాయి. పిన్నిగారి వయొలిన్ మాత్రం పక్కింట్లో దోమ పాడినట్టుంది. మైకు ఎప్పుడూ గాయకుడి ముందే కదా మరి. పోనీ, గాయకుడు రాగం ఆలాపన చేసి ఆపాక, అదే రాగాన్ని వయొలిన్ ఒక్కటే వాయించే వంతు ఒకటి ఉంటుంది. అక్కడైనా ఆవిడ వినబడతారని టేప్‌రికార్డరు చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి టక్కుమని ఒక శబ్దం, కాసేపు గరగర, ఆ పైన మళ్ళీ గాయకుడి గొంతు. ఒక క్యాసెట్టు కాదు, విన్నవన్నీ అంతే. కాసేపు తికమకపడ్డాక గానీ తెలిసిరాలేదు. ఆ రోజుల్లో రికార్డు చేసేవాళ్ళు క్యాసెట్టు రెండోవైపు తిరగేయడానికి ఆ సమయాన్నే ఎంచుకునేవారు. అసలు పాట ముక్క పోకూడదు కదా. పిన్నిగారికి ఈ సంగతి చెబితే ఆవిడకి కొత్తేమీ కాదు.

"నా వంతు వచ్చిందంటే క్యాసెట్టు తిప్పే వేళయిందని అర్థం అబ్బాయ్. కాఫీలు తెచ్చేది కూడా అప్పుడే," అని నవ్వారు.

ఆవిడ నవ్వారు గానీ నాకు మనసంతా అదోలా అయిపోయింది. యాభై ఏళ్ళు వాయించిన మనిషి వంతు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఎక్కడా మిగల్లేదు. ఆవిడ ఎలా వాయించారో రేపు ఎవరైనా అడిగితే నోటితో చెప్పాలే తప్ప వినిపించడానికేమీ లేదు. దానికితోడు ఆ ఏడు చలికాలం ఆవిడ ఎడమచేతి వేళ్ళు పట్టేయడం మొదలైంది. పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావలసివచ్చేవి. ఏప్రిల్లో సభవారి వార్షికోత్సవంలో ఒక్కసారి వాయించి, ఇక పెట్టె మూసేస్తానని ఆవిడే చెప్పారు. ఇది మూడేళ్ళ కిందటి మాట. ఎలాగైనా సరే ఆ ఒక్క కచేరీలో ఆవిడ వంతు పూర్తిగా, శుభ్రంగా పట్టుకోవాలని నేను నిర్ణయించుకున్నాను. చేతిలో రెండు నెలలున్నాయి. పెన్షన్లోంచి ఎంత తీయవచ్చో మా ఆవిడ చెప్పింది. అంతకి మించిన మైకులు నాకు బొమ్మల్లో చూసుకోవడానికే.

మొదట ఫోనుతోనే సరిపోతుందనుకున్నాను. అమలాపురంలో ఒక కచేరీకి వెళ్ళి, ఫోను ఒళ్ళో పెట్టుకుని రికార్డు చేశాను. గాయని మంచి పట్టుమీద ఉండగా మా ఆవిడ నుంచి ఫోను. వచ్చేటప్పుడు బీరకాయలు తెస్తారా దొండకాయలు తెస్తారా అని. అక్కడితో రికార్డింగు ఆగిపోయింది. అప్పటిదాకా అయినదైనా బాగుందా అంటే, మెల్లిగా పాడినప్పుడు ఫ్యాను చప్పుడు పైకి లేస్తోంది, గట్టిగా పాడినప్పుడు గొంతు చితికిపోతోంది. ఫోను తన తెలివి ఉపయోగించి చిన్న చప్పుళ్ళని పెంచి పెద్దవాటిని నొక్కేస్తుందని అక్కడే గడియారస్తంభం దగ్గర ఎలక్ట్రికల్ షాపాయన చెప్పారు. చెప్పి, బొత్తాం అంత ఉన్న కాలర్ మైకు ఒకటి చేతిలో పెట్టారు. చొక్కాకి తగిలించుకుని తీగ ఫోనుకి గుచ్చుకోవడమే. ఇంత చవకలో వస్తోందంటే నాకే సిగ్గేసింది. దాన్ని తీసుకుని రాజోలులో కచేరీకి వెళ్ళి, చొక్కా జేబుకి తగిలించుకుని పదో వరసలో కూర్చున్నాను. నా పక్కన ఒక రసికులు. ప్రతి ఆవర్తానికీ "ఆహా" అంటారు, తొడ మీద తాళం వేస్తారు, మధ్యలో వక్కపొడి నముల్తారు. ఇంటికొచ్చి వింటే ఆ కచేరీ ఆయన చేసినట్టే ఉంది. గాయకుడు ఎక్కడో దూరంగా పక్కవాద్యం ఇస్తున్నాడు. ఈ మైకు దండగ అని తేల్చేసి, మా ఆవిడ బొత్తాల డబ్బాలో పడేశాను.

తర్వాత ఫోను అడుగున గుచ్చే గుండ్రటి మైకు ఒకటి తెప్పించాను. దాన్ని పరీక్షించడానికి ఉప్పలగుప్తంలో మా స్నేహితుడింట్లో పెళ్ళికి తీసుకెళ్ళాను. పెరట్లో పందిరి వేసి పాట కచేరీ పెట్టారు. సముద్రం గాలి ఉందే, అది మనకి హాయిగా ఉంటుంది గానీ మైకుకి పరమ శత్రువు. వింటే కచేరీ పెళ్ళిపందిట్లో జరిగినట్టు లేదు, లారీ వెనక జరిగినట్టుంది. పైన కొబ్బరాకుల గలగల ఒకటి. మైకుకి ఏదైనా మెత్తటి తొడుగు వేస్తే గాలి దెబ్బ తగ్గుతుందని చదివి, మా ఆవిడ పౌడరు డబ్బాలో కుచ్చు తీసి దారంతో కట్టాను. నిజంగా తగ్గింది. ఆ కుచ్చు గురించి ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ అనవసరం. చివరికి అనుమతించిన సొమ్ములో పట్టే ఒక పాత జేబు రికార్డరు, ఎవరో వాడి అమ్మేసింది, దొరికింది. దాని నెత్తి మీద నత్త కొమ్ముల్లా రెండు చిన్న మైకులు. ఫోనుతో పనిలేదు, ఎర్రదీపం వెలిగితే చప్పుడు ఎక్కువైందని అర్థం. పిన్నిగారింటికి వెళ్ళి, ఆవిడ సాధన చేసుకుంటూంటే జానలతో కొలిచి, ఎక్కడ పెడితే బాగా వస్తుందో చూశాను. మూడు జానల దూరం, కాస్త పక్కగా, వయొలిన్ వైపు తిప్పి. అక్కడ పెడితే కమాను తీగ మీద వాలిన చప్పుడు కూడా వినిపించింది. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను.

కచేరీ రోజు నేను నాలుగింటికే సభకి వెళ్ళిపోయాను. ఆ ఏటి గాయకుడు కుర్రాడే గానీ మంచి గాత్రం, పెద్దలంటే భయభక్తులున్నవాడు. పిన్నిగారు కూర్చునే చోటికి మూడు జానల దూరంలో చిన్న స్టాండు మీద రికార్డరు పెట్టి, కొమ్ములు ఆవిడ వైపు తిప్పి, నేల మీద సుద్దముక్కతో గుర్తు కూడా గీశాను. వేదిక వెనక గదిలో మా ఆవిడ పిన్నిగారికి కొంగు సర్దుతోంది. చూస్తే చేతిలో ఆ బొత్తాం మైకు. అదెందుకు, పక్కవాళ్ళ దగ్గులు తప్ప దాంట్లో ఏమీ వినబడవు అన్నాను.

"ఆవిడకి పక్కన ఆవిడే కదండీ," అంది.

అని, తన పాత ఫోనులో మనవరాలి వీడియోలు కొన్ని తీసేసి, కాల్సు రాకుండా చేసి, మైకుని పిన్నిగారి కుడి భుజం దగ్గర కొంగు లోపల తగిలించి, తీగ వీపు వెనగ్గా దింపి, రికార్డింగు నొక్కి, ఫోను వయొలిన్ పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని వేదిక మీద ఆవిడ వెనకే ఉంచింది. కొంగు జారకుండా పిన్ను పెడుతోందనుకుని పిన్నిగారు పట్టించుకోలేదు. నేనూ వాదించలేదు. నా ధ్యాసంతా స్టాండు మీదే ఉంది.

మా సభ కార్యదర్శిగారి గురించి ఒక మాట చెప్పాలి. మర్యాదలో ఆయన్ని మించినవాళ్ళు జిల్లాలో లేరు. ఆయనింటికి అడ్రసు అడగడానికి వెళ్ళినవాడు కూడా భోంచేసి రావలసిందే. నన్ను తీసుకెళ్ళి మొదటి వరసలో, ఇద్దరు పెద్దల మధ్య కూర్చోబెట్టారు. పన్నీరు చల్లారు. ఎంత చల్లారంటే నా కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. తుడుచుకుని పెట్టుకునేసరికి వేదిక మీద నా స్టాండు కనబడలేదు. సుద్ద గుర్తు మాత్రం ఉంది. వెతికితే, గాయకుడికి సరిగ్గా ఎదురుగా, ఒక పీట మీద పట్టు కండువా పరిచి, దాని మీద నా రికార్డరు, దానికి చుట్టూ ఒక మూర మల్లెపూలు. కొమ్ములు రెండూ గాయకుడి వైపు. కార్యదర్శిగారు వంగి నా చెవిలో చెప్పారు.

"మీ మైకు ఆ మూలని పెట్టేరేంటండీ? మన సభకి ఎంత అప్రతిష్ఠ. ముందుకి పెట్టించేనండి, ఆయ్."

నేను నోరు తెరిచేలోపల తంబురా మొదలైపోయింది. గాయకుడు కళ్ళు మూసుకుని షడ్జం పట్టాడు. ఇక లేవడానికి లేదు. మొదటి వరసలోంచి లేచి వేదిక ఎక్కితే ఆ కుర్రాడికి అవమానం, పిన్నిగారికి తలవంపు. రెండు గంటలు అలాగే కూర్చున్నాను. గాయకుడు కల్యాణి రాగం ఆలాపన చేసి, పిన్నిగారి వైపు చెయ్యి చూపించి తల వంచాడు. ఆవిడ కమాను ఎత్తారు. ఎంత బాగా వాయించారో చెప్పలేను. పట్టేసిన వేళ్ళు అవేనా అనిపించింది. జనం కదల్లేదు, ఆ వేళప్పుడు కాఫీ తెచ్చిన మనిషి కూడా ట్రేతో గుమ్మంలో ఆగిపోయాడు. నేనొక్కణ్ణే ఆవిణ్ణి సరిగ్గా వినలేకపోయాను. నా కళ్ళు మల్లెపూల మధ్యనున్న ఆ రెండు కొమ్ముల మీదే ఉన్నాయి. ఆఖరి వంతు, అది కూడా పోతోంది, పట్టుకోవడానికి ఇంతమందిమి ఉండి కూడా పోతోంది అని ఒకటే కుమిలిపోయాను. కచేరీ అయ్యాక కార్యదర్శిగారు వచ్చి బాగా వచ్చిందాండీ అని ఆప్యాయంగా అడిగారు. ఆయన మొహం చూసి, దివ్యంగా వచ్చిందండీ అన్నాను.

మర్నాడు పొద్దున్న పిన్నిగారింట్లో పెసరట్లు తిని, రికార్డరు బయటికి తీశాను. భయపడినట్టే అయింది. కుర్రాడి గాత్రం అద్భుతం. పిన్నిగారి వంతు దగ్గరికి వచ్చేసరికి అదే పక్కింటి దోమ, దాని మీద లౌడ్‌స్పీకరు హోరు. నేను తలెత్తలేక, మీ వంతు పట్టుకోలేకపోయాను పిన్నిగారూ అని చెప్పాను. అరవై దాటినవాణ్ణి, కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆవిడ మాత్రం, పోనీలే అబ్బాయ్, విన్నవాళ్ళు విన్నారు కదా అని నా పళ్ళెంలో ఇంకో అట్టు వేశారు. అప్పుడు మా ఆవిడ వయొలిన్ పెట్టె తెరిచి, తన పాత ఫోను తీసి, రికార్డయినదాంట్లో వెతికి కల్యాణి రాగం దగ్గర పెట్టింది.

ముందు కొంగు రాసుకున్న చప్పుడు. తర్వాత గాయకుడి ఆలాపన, కాస్త దూరంగా. అది ఆగింది. ఒక పెద్ద ఊపిరి. అప్పుడు వయొలిన్, మన ఒళ్ళో పెట్టుకుని వాయిస్తున్నంత దగ్గరగా. గమకం గమకమూ, వేలు తీగ మీద జారడమూ అన్నీ ఉన్నాయి. దాంతోబాటు ఇంకోటి ఉంది. వయొలిన్ కింద, సన్నగా, ఒక ఆడగొంతు. బొంగురు గొంతే, కానీ శ్రుతి వెంట్రుకవాసి తప్పడం లేదు. కమాను ఎటు వెళితే అటు, తదరినన అంటూ, తనలో తనే పాడుకుంటూ వెళుతోంది. మేము ముగ్గురం కదలకుండా విన్నాం. పిన్నిగారు చెయ్యి చెంపకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వింటున్నారు.

"ఈవిడెవరబ్బాయ్? ఎంత హాయిగా పాడుతోంది," అన్నారు.

నేనూ మా ఆవిడా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆ వేదిక మీద పిన్నిగారు తప్ప ఇంకో ఆడమనిషి లేదు. మా ఆవిడే మెల్లిగా, అది మీరేనండీ చిన్నత్తయ్యగారూ అంది. ఆవిడ నమ్మలేదు. నేను పాడనమ్మా, నాకు గొంతెక్కడిది, పదకొండో ఏటే పోయింది కదా అన్నారు. ఇంతలో ఫోనులో పాట మొదలైంది. మృదంగం ఆయన కాస్త జోరు పెంచగానే అదే గొంతు "ఎందుకు నాయనా తొందర" అని గొణిగింది. ఆ మాట ఆవిడ గుర్తుపట్టారు. గుర్తుపట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముందు నవ్వారు. ఆ తర్వాత ఫోను చేతిలోకి తీసుకుని చెవికి ఆనించుకున్నారు. అంటే యాభై ఏళ్ళూ ప్రతి కచేరీలోనూ ఆవిడ పాడుతూనే ఉన్నారన్నమాట. పక్కన కూర్చున్న గాయకులకి వినబడలేదు, ముందు కూర్చున్న మాకు వినబడలేదు, ఆవిడకే తెలియలేదు. మేష్టారు వద్దన్న పాట ఆవిణ్ణి వదిలి ఎక్కడికీ పోలేదు. ఎవరూ జానెడు దూరంలోకి వెళ్ళి వినలేదంతే.

"మళ్ళీ మొదటినుంచి పెట్టమ్మా," అన్నారు చివరికి.

ఇవాళ నాకు ఎవరి మీదా కోపం లేదు. కార్యదర్శిగారు పీట వేసి పూలు చుట్టకపోతే నా రికార్డరు వయొలిన్ని శుభ్రంగా పట్టుకుని ఉండేది, నేను తృప్తిగా ఇంటికి పోయేవాణ్ణి, ఆ పాత ఫోను తెరిచి చూసేవాళ్ళం కాదు. ఆయన అతిమర్యాదకి చేతులెత్తి దణ్ణం పెడతాను. బొత్తాం మైకు అంటగట్టిన షాపాయనకి, దాన్ని బొత్తాల డబ్బాలోంచి తీసిన మా ఆవిడకి మరీను. ఈ సంగతి నేను ఒప్పుకున్నానని ఆవిడకి చెప్పకండి, పౌడరు కుచ్చు ఇంకా బాకీ ఉన్నాను. రామచంద్రపురం ఆయనకి నిన్న ఫోను చేసి, అన్నిటికంటే చవకైనదే కొనండి, కానీ పదో వరసలో కూర్చోకండి, మీ అమ్మాయి కొంగుకే పెట్టండి అని చెప్పాను. అంతేనాండీ అన్నారు. ఆయ్, అంతేనండీ అన్నాను.

పిన్నిగారు ఇప్పుడు వాయించడం లేదు. వేళ్ళు బొత్తిగా వంగడం లేదు. నెలకోసారి మా ఇంటికి వచ్చినప్పుడు, కాళ్ళు కడుక్కుని కుర్చీలో కూర్చోగానే, ఆవిడ పాట పెట్టు అబ్బాయ్ అంటారు. ఇప్పటికీ 'ఆవిడ' అనే అంటారు. పెడతాను. యాభై ఏళ్ళు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు గానీ, ఆవిడ వంతైన ఆ పద్నాలుగు నిమిషాలు మాత్రం మా ఇంట్లోనే ఉన్నాయి, వాటి మధ్యలో క్యాసెట్టు తిప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.